60 వేల బడ్జెట్: ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్, పీసీల్లో ఏది? ఒక్కో గేమ్ 5 వేలంటే ఎలా?

గోదావరి_గేమర్:

అందరికీ నమస్తే. బడ్జెట్ 60 వేలు, అటూ ఇటూ రెండు మూడు వేలు. ఇంట్లో 4కే టీవీ ఉంది, 60 హెర్ట్జ్‌ది. ఆడేది నేనూ మా తమ్ముడూ. వాడికి ఈఏ ఎఫ్‌సీ ఫుట్‌బాల్, నాకు కథ ఉండే సింగిల్ ప్లేయర్ గేమ్స్. ఏడాదికి కొత్తవి నాలుగు కొంటాం, మిగతావన్నీ సేల్‌లో చూసుకుంటాం.

ప్లేస్టేషన్ 5లో డిస్క్ మోడలా, డిస్క్ డ్రైవ్ లేని డిజిటలా? ఇక్కడ దిగినప్పుడు మధ్యలో పదివేలు తేడా. ఎక్స్‌బాక్స్‌లో నెలనెలా కట్టే గేమ్ పాస్ ఉంటే అసలు గేమ్స్ కొనే పనే లేదంటున్నారు, నిజంగా చవకేనా? పీసీ వాళ్లెలాగూ పీసీ కట్టుకోమంటారు, ఆ మాట కూడా వింటా. ఇంకోటి, మా బావగారు సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్నారు. అక్కణ్ణుంచి తెప్పిస్తే ఏమైనా కలిసొస్తుందా?

ఫ్యాన్ వార్ వద్దండీ. లెక్కలు చెప్పండి చాలు.

పెట్టె_లెక్కలు:

మీరు చెప్పిన దాన్నిబట్టి డిస్క్ మోడల్ ప్లేస్టేషన్ 5 తీసుకోండి. పెట్టె (కన్సోల్) ధర ఒక్కసారే కడతాం. గేమ్స్‌కి, సభ్యత్వానికి మాత్రం ఏటా కడుతూనే ఉండాలి. చూడాల్సింది అదీ.

ప్లేస్టేషన్ 5 సన్న మోడల్ 'స్లిమ్' మన దేశంలో 2024 ఏప్రిల్‌లో దిగినప్పుడు డిస్క్‌ది రూ.54,990, డిజిటల్‌ది రూ.44,990. పండగ సేల్స్‌లో ఓ ఐదు వేలు తగ్గిస్తుంటారు. సోనీ సొంత గేమ్ పెద్దది కొత్తగా వస్తే రూ.4,999. డిజిటల్‌లో ఏడాదికి నాలుగంటే 20 వేలు, ఆ డబ్బు ఇక తిరిగి రాదు. డిస్క్ అయితే కథ పూర్తవగానే, ధర ఇంకా దిగకముందే అమ్మేస్తే మూడు వేలు చేతికొచ్చాయనుకుందాం. అంటే గేమ్‌కి పడింది రెండు వేలు, నాలుగిటికి ఎనిమిది. మిగిలేది 12 వేలు. డ్రైవ్ కోసం ఎక్కువ పెట్టిన పదివేలు మొదటి ఏడాదిలోనే వచ్చేశాయి. కొత్తవి అస్సలు కొనం, అన్నీ 70 శాతం తగ్గాకే కొంటాం అనేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకి డిజిటల్ చాలు.

అమ్మడంలో అసలు కిటుకు టైమింగే. కథ గేమ్ వచ్చిన మొదటి నెలలో గిరాకీ ఉంటుంది. ఆన్‌లైన్ స్టోర్‌లో మొదటి సేల్ పడ్డ రోజే సెకండ్ హ్యాండ్ ధరా పడిపోతుంది. ఫుట్‌బాల్ గేమ్ మరీ దారుణం. ఏటా సెప్టెంబర్‌లో కొత్తది వస్తుంది, జూలైలోపు వదిలించుకోకపోతే ఎవరూ ముట్టుకోరు. ఎఫ్‌సీ 24 అయితే 2023 సెప్టెంబర్‌లో వచ్చి, 2024 మేలోనే సోనీ వారి సభ్యత్వం ప్లేస్టేషన్ ప్లస్‌లో నెలవారీ గేమ్‌గా ఇచ్చేశారు. పూర్తి ధర పెట్టి కొని దాచుకున్న డిస్కుల రీసేల్ విలువ ఆ నెలతో గోవిందా. మీ తమ్ముడు విడుదల రోజే ఆడాలని పట్టుబట్టకపోతే ఫుట్‌బాల్‌ని మాత్రం సేల్‌లోనే కొనండి.

సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద వాల్చి చూడండి. మధ్య నుంచి అంచుకి అడ్డంగా పోయే సన్న గీతలు పెద్ద సమస్య కాదు. ట్రాక్ వెంట గుండ్రంగా తిరిగే గీత ఉంటే వదిలేయండి, వరసగా ఉన్న డేటా మొత్తం పోతుంది, ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. నడిమి రింగు దగ్గర వెంట్రుకలాంటి పగులున్నా వద్దు. బాక్స్ తెరిచి లోపల నిజంగా డిస్క్ ఉందో, కోడ్ కాగితమే ఉందో చూడండి. వాడేసిన కోడ్ చెల్లదు.

డిస్క్ ఉన్నా గేమ్ మొత్తం అందులో ఉండాలని లేదు. డూమ్: ది డార్క్ ఏజెస్ డిస్క్‌లో ఉన్నది 85 మెగాబైట్లు. మిగతాదంతా డౌన్‌లోడే. అయినా దాన్ని అమ్ముకోవచ్చు, ఎందుకంటే ఆడే హక్కు డిస్క్‌తో పాటే పోతుంది. నెట్ డేటా మాత్రం మీ ఖాతాలో.

విదేశీ డిస్కులు మన కన్సోల్‌లో ఆడతాయి. డీఎల్‌సీ (గేమ్‌కి విడిగా కొనే అదనపు భాగం) మాత్రం డిస్క్ ఏ రీజియన్‌దో ఆ రీజియన్ అకౌంట్‌తోనే కొనాలి. సగం గొడవలు ఇక్కడే. వేరే దేశం డిస్క్ ఐదొందలు తక్కువని తీసుకుని, ఇండియా అకౌంట్‌లో ఎక్స్‌పాన్షన్ కొంటే రెండూ కలవవు. అకౌంట్ దేశాన్ని తర్వాత మార్చుకునే వీల్లేదు.

ఇక ప్లేస్టేషన్ ప్లస్. 2023 సెప్టెంబర్‌లో పెంచాక ఏడాదికి ఆన్‌లైన్ ఆడనిచ్చే కనీస ప్లాన్ ఎసెన్షియల్ రూ.3,949, గేమ్స్ లైబ్రరీ కూడా ఇచ్చే ఎక్స్‌ట్రా రూ.6,699 అయ్యాయి (కొనే రోజు స్టోర్‌లో ఓసారి సరిచూసుకోండి). ఇద్దరికీ రెండు అక్కర్లేదు. సభ్యత్వం ఉన్న అకౌంట్‌లో 'కన్సోల్ షేరింగ్' ఆన్ చేస్తే అదే పెట్టెలో మీ తమ్ముడి అకౌంటూ ఆన్‌లైన్ ఆడుతుంది. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్స్‌కి అసలు సభ్యత్వమే అక్కర్లేదు. కట్టగానే ఆటో రెన్యువల్ తీసేయండి.

రెండో కంట్రోలర్‌కి ఆరు వేల దాకా అవుతుంది, అది మర్చిపోయి బడ్జెట్ వేసుకోకండి.

ఫ్రేమ్‌రేట్_శాస్త్రి:

లెక్క బాగుంది గానీ ఒక వైపే ఉందండి. పీసీలో ఆన్‌లైన్ ఆటకి సభ్యత్వం లేదు. ఐదేళ్లకి ఎసెన్షియల్ ఒక్కటే 19,745 రూపాయలు, దాన్ని కన్సోల్ ధరలో కలపాలి. పైగా పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్నాక 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కిస్తారు. ప్లేస్టేషన్ స్టోర్‌లోనూ 14 రోజులే, కానీ డౌన్‌లోడ్ మొదలెట్టారంటే మామూలుగా రిఫండ్ రాదు. నచ్చకపోతే ఎలా అని భయపడేవాళ్లకి ఇది చాలా పెద్ద తేడా.

60 వేలకి కన్సోల్‌తో సమానమైన కొత్త పీసీ కట్టొచ్చని మాత్రం చెప్పను. 2025 చివర్లో ర్యామ్ ధరలు లేచాక అది ఇంకా కష్టమైంది. కట్టాలంటే రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై తీసుకుని, మిగిలిందంతా గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి. 16 జీబీ ఒకే స్టిక్ పెట్టమని షాపువాడు అంటాడు, ఒప్పుకోవద్దు. సింగిల్ చానెల్‌లో ఫ్రేమ్‌లు కనబడేంత పడిపోతాయి. 8 జీబీ కార్డు అయితే టెక్స్చర్లు ఒక మెట్టు దించి ఆడాలి, లేకపోతే కొత్త గేమ్స్‌లో కెమెరా తిప్పినప్పుడల్లా కుదుపు. కొత్త గేమ్ తెరవగానే షేడర్లు (వెలుగు, రంగు దిద్దే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతుంటే స్కిప్ కొట్టకండి, పూర్తవనివ్వండి. హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. నవ్వకండి, వారానికొక పోస్టు ఇదే.

స్టీమ్‌లో రూపాయి ధరలు 2015 నవంబర్ నుంచి ఉన్నాయి. కానీ ధర నిర్ణయించేది పబ్లిషర్. కొందరు మన జేబు చూసి పెడతారు, కొందరు డాలర్‌ని నేరుగా గుణించి పారేస్తారు. పాత ధరలు చూపించే స్టీమ్‌డీబీ సైట్‌లో గేమ్ పేరు కొట్టి, ఇంతకుముందు ఎంతకి దిగిందో చూడకుండా ఏదీ కొనకండి.

వరంగల్_రీస్పాన్:

తమ్మీ, గేమ్ పాస్ చవక అన్న మాట పాతది. 2017లో మొదలైనప్పుడు అమెరికాల నెలకు 9.99 డాలర్లు. మన దగ్గర అన్నిటికన్నా పై ప్లాన్ అల్టిమేట్ 2024లో రూ.549 నుంచి రూ.829కి పోయింది, 2025 అక్టోబర్‌ల రూ.1,389 చేసిన్రు. ఏడాదికి లెక్కెయ్యి, రూ.16,668. మూడు కొత్త డిస్కుల పైసలు. మరి డిస్కులైతే అమ్ముకుంటవ్, గిది కట్టుడు ఆపితే చేతిల ఏం మిగలది.

కింది ప్లాన్ ప్రీమియం ఉన్నది కదా అంటవేమో. అండ్ల మైక్రోసాఫ్ట్ సొంత గేమ్స్ విడుదల రోజు రావు, ఏడాది లోపల వస్తయ్, కాల్ ఆఫ్ డ్యూటీ అయితే అది కూడా లేదు. నెలకు నాలుగైదు గేమ్స్ తిరగేసేటోనికి అల్టిమేట్ ఇప్పటికీ దండగ కాదు. ఏడాదికి నాలుగు కొనేటోనికి దండగే.

ఎక్స్‌బాక్స్ చిన్న మోడల్ సిరీస్ ఎస్ తక్కువకు దొరుకుతుందని పోకు. 512 జీబీ అని రాస్తరు, వాడుకొనేది 364. పెద్ద గేమ్స్ మూడు పడితే నిండుతది. డిస్క్ డ్రైవ్ లేదు. మెమరీ 10 జీబీ, పెద్ద మోడల్ సిరీస్ ఎక్స్‌ల 16. దీని సంగతి బాల్డర్స్ గేట్ 3 గేమ్ అప్పుడు బయటపడ్డది. ఇద్దరు ఒకే టీవీ మీద ఆడే స్ప్లిట్ స్క్రీన్ ఎస్‌ల నడవలే. అందుకే ప్లేస్టేషన్‌ల 2023 సెప్టెంబర్‌ల వస్తే ఎక్స్‌బాక్స్‌ల డిసెంబర్ దాక ఆగింది, అదీ ఎస్‌ల స్ప్లిట్ స్క్రీన్ తీసేసి. మళ్ల 2025 ఏప్రిల్ ప్యాచ్‌లనే వచ్చింది. మీరు ఇద్దరున్నరు, ఆలోచించుకో.

సిరీస్ ఎక్స్ మంచి మెషిన్, కాదనను. కానీ దాని డిస్కులు మన షాపులల్ల దొరుకుడే తక్కువ, అమ్ముదామంటే కొనేటోడు ఇంకా తక్కువ. స్టోరేజ్ పెంచాల్నంటే వాళ్ల కార్డే కొనాలె. మైక్రోసాఫ్ట్ గేమ్స్ కోసమే కొంటనంటే, అవి పీసీల మొదటి రోజే వస్తున్నయ్, ఇప్పుడు ప్లేస్టేషన్‌కు కూడా వస్తున్నయ్.

గోదావరి_గేమర్:

చాలా స్పష్టంగా చెప్పారు, థ్యాంక్స్. శాస్త్రి గారూ, పీసీ ఇప్పటికి వాయిదా. ఇంకో రెండు డౌట్లు. పీఎస్4 (ప్లేస్టేషన్ 4) టైమ్‌లో 3,999 ఉన్న కొత్త గేమ్ 4,999 ఎందుకైంది, ఇక తగ్గదా? జీటీఏ 6 గేమ్ వచ్చేదాకా, లేదా పీఎస్6 దాకా ఆగితే పెట్టె ధర తగ్గుతుందా?

ప్యాచ్‌నోట్స్:

తగ్గుతుందని ఆగకండి. ఈ తరంలో ఆ పాత లెక్క తిరగబడింది.

పీఎస్4 2013లో 399 డాలర్లు, మూడేళ్లకి స్లిమ్ 299. చిప్ తయారీ ఏటా చవకయ్యేది, ఆ లాభం కొంత మనదాకా వచ్చేది. పీఎస్5 డిస్క్ మోడల్ 2020లో 499 డాలర్లు. 2025 ఆగస్టులో అమెరికాలో 549.99 చేశారు. సిరీస్ ఎక్స్ 499 నుంచి 2025 అక్టోబర్‌కి 649.99కి చేరింది. మన దగ్గరా 2021 ఫిబ్రవరిలో 49,990కి దిగిన పీఎస్5, మరుసటి ఏడాది చివరికి 54,990 అయింది. చిన్న ట్రాన్సిస్టర్ అంటే చవక ట్రాన్సిస్టర్ అనే రోజులు పోయాయి. దానికి తోడు సుంకాలు, మెమరీ ధరలు.

గేమ్ ధరకొస్తే, అమెరికాలో 60 డాలర్లు 2005-06లో ఎక్స్‌బాక్స్ 360తో స్థిరపడింది. 2020లో 70 అయింది, అంటే 17 శాతం పెంపు. మనకి 3,999 నుంచి 4,999, అంటే 25 శాతం. ఈ తేడాకి ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

పెంచడానికి కంపెనీలు చెప్పే కారణం అబద్ధం కాదు. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని కొనడం మీద నడిచిన కేసులో సోనీ కోర్టుకిచ్చిన కాగితాల్లో రహస్య అంకెల మీద నల్ల మార్కర్ గీసి స్కాన్ చేశారు. గీత కింద అంకెలు చదవడానికి వీలుగానే ఉన్నాయి! ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2కి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కి 21.2 కోట్లు. కాపీకి 50 డాలర్లు చేతికొస్తాయనుకున్నా హొరైజన్ పెట్టుబడి తిరిగి రావాలంటే 42 లక్షల కాపీలు అమ్ముడవాలి. ఇది నా వేళ్ల లెక్క, ప్రకటనల ఖర్చు ఇందులో లేదు.

అంత ఖర్చు పెట్టక తప్పదా అన్నది అసలు ప్రశ్న. 2025లో క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 49.99 డాలర్లకి, హాలో నైట్: సిల్క్‌సాంగ్ 19.99కి వచ్చాయి, రెండింటికీ జనం ఎగబడ్డారు. ఇటువైపు సోనీ వారి ఆన్‌లైన్ షూటర్ కాంకర్డ్ 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబర్ 6న మూతపడింది, కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కిచ్చారు. ధర 40 డాలర్లే, అయినా ఆడేవాళ్లు లేరు. ఉచితంగా దొరికే అలాంటి షూటర్లు ఇప్పటికే ఉన్నప్పుడు ఆ 40 కూడా ఎక్కువే. నా ఉద్దేశంలో ఈ పరిశ్రమ జబ్బు ధరలో లేదు. ఐదారేళ్లు, వందలమంది, ఒక్క పందెం: ఆ పద్ధతిలో ఉంది.

80 డాలర్లు కూడా వచ్చేసింది. 2025 జూన్‌లో మారియో కార్ట్ వరల్డ్‌కి నింటెండో 79.99 పెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా ది ఔటర్ వరల్డ్స్ 2కి అదే ప్రకటించి, గొడవయ్యాక జూలైలో 69.99కి దిగింది. కాబట్టి కొనకుండా ఆగడానికి విలువ ఉంది.

కన్సోల్ యుద్ధం అంటారా, మైక్రోసాఫ్ట్ వాళ్లు 2024 ఫిబ్రవరిలో నాలుగు చిన్న ఎక్స్‌బాక్స్ గేమ్స్ బయటికి పంపుతున్నామని మొదలెట్టి, 2025లో ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ కూడా పీఎస్5కి తెచ్చారు. హేలో కొత్త రీమేక్‌ని పీఎస్5కీ ప్రకటించారు. సోనీ హెల్‌డైవర్స్ 2ని ఎక్స్‌బాక్స్‌లో అమ్ముతోంది. ఫ్యాన్స్ చప్పట్లు కొడుతున్నారు గానీ నాకిది పూర్తిగా మంచి కబురులా అనిపించదు. ఎదుటివాడు పెట్టె అమ్మడం మీద పట్టుదల తగ్గించుకుంటే, ఇవతలి వాడికి ధర తగ్గించే అవసరం ఏముంటుంది?

జీటీఏ 6కి ప్రకటించిన తేదీ 2026 నవంబర్ 19, పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ మాత్రమే. పీసీ తేదీ చెప్పలేదు. జీటీఏ 5 కన్సోల్స్‌లో 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. పీఎస్6 వచ్చినా పీఎస్5 మర్నాడే మూలన పడదు. పీఎస్5 వచ్చిన రెండేళ్లకి, 2022 నవంబర్‌లో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పీఎస్4కి కూడా వచ్చింది కదా.

ఫ్రేమ్‌రేట్_శాస్త్రి:

ఒక్క మాట చేరుస్తా. కొందరు టర్కీ, అర్జెంటీనా అకౌంట్లు పెట్టి చవగ్గా కొనమని సలహా ఇస్తారు. స్టీమ్ 2023 నవంబర్ 20 నుంచి ఆ రెండు దేశాల కరెన్సీలు తీసేసి డాలర్లు చేసింది. కరెన్సీ పడిపోవడం ఒక కారణమైతే, బయటివాళ్లు ఎగబడి కొనడం ఇంకో కారణమంటారు. దెబ్బ తిన్నది అక్కడి గేమర్లు. మన రూపాయి ధరలకీ ఆ గతి పట్టకూడదంటే ఆ సలహాలకి దూరంగా ఉండండి.

డాలస్_డీల్స్:

బావగారి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. అక్కడ 2025 ఆగస్టు ధర 549.99 డాలర్లు, డాలస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం కలిపితే 595 దాటుతుంది. డాలర్ 88 రూపాయలు వేసుకున్నా 52 వేల పైమాటే. ఇక్కడ పండగ సేల్‌లో అంతకన్నా తక్కువకి, ఇండియా వారంటీతో వస్తుంది. అమెరికా పెట్టెకి ఇక్కడ వారంటీ రిపేర్ అడగలేరు. పైగా ఆయన సూట్‌కేసులో సగం చోటు పోయి అక్కయ్యతో మాటలు పడాలి.

అయినా తెస్తానంటే, పెట్టె మీది లేబుల్‌లో 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడమనండి. వైరు మామూలు ఎనిమిది ఆకారం పిన్నుదే, ఇక్కడిది కొనుక్కుంటే సరిపోతుంది, అడాప్టర్లు పెట్టకండి. గేమ్ డిస్కులకి రీజియన్ లాక్ లేదు, బ్లూరే సినిమాలకి ఉంది. అమెరికాది 'ఏ' రీజియన్, మనది 'సీ'. డిజిటల్ స్లిమ్‌కి డిస్క్ డ్రైవ్‌ని విడిగా కొని తగిలిస్తే మొదటిసారి నెట్ ఉంటేనే జత అవుతుంది.

ఇంకా శక్తిమంతమైన మోడల్ పీఎస్5 ప్రో మీద ఆశ పెట్టుకోవద్దు. 2024 నవంబర్‌లో ప్రోని మన దేశంలో విడుదల చేయలేదు. అందులోని వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. మీ టీవీ 60 హెర్ట్జ్‌దే కాబట్టి 120 ఫ్రేముల మోడ్ ఎలాగూ దక్కదు. మామూలు పీఎస్5లో సెట్టింగ్స్‌కి వెళ్లి గేమ్ ప్రీసెట్‌ని 'పర్ఫార్మెన్స్ మోడ్' చేయండి, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, చాలు.

బావగారితో తెప్పించాలంటే పీఎస్5 స్టోరేజ్ పెంచే ఎం.2 ఎస్ఎస్‌డీ తెప్పించండి, అదీ అక్కడ ధర నిజంగా తక్కువుంటేనే. జెన్ 4 ఎన్‌వీఎంఈ అయి ఉండాలి, రీడ్ స్పీడ్ సెకనుకి 5,500 మెగాబైట్లు లేదా పైన. జెన్ 3 పెడితే పని చేయదు. హీట్‌సింక్‌తో కలిపి మొత్తం ఎత్తు 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు, అందులో బోర్డుకి పైన ఉండే భాగం 8 దాటకూడదు. పెద్ద రెక్కల హీట్‌సింక్ ఉన్నవి కొంటే స్లాట్ మూత పడదు.

బిగించేముందు సిస్టమ్ అప్‌డేట్ చేసి, రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా ఆపి, వైర్లన్నీ తీయండి. కవర్ తీసి స్లాట్ మూత స్క్రూ విప్పితే చిన్న స్పేసర్ కనిపిస్తుంది. అది 110 అని ఉన్న గుంటలో ఉంటుంది. మామూలు 2280 సైజు (80 మిల్లీమీటర్ల పొడవు) డ్రైవ్‌కి దాన్ని 80 గుంటలోకి మార్చాలి. ఇది మర్చిపోతే డ్రైవ్ చివర గాల్లో తేలుతుంది, స్క్రూకి అందదు. డ్రైవ్‌ని కాస్త వాలుగా చొప్పించి, కిందికి నొక్కి బిగించండి. ఆన్ చేయగానే ఫార్మాట్ అడుగుతుంది.

గోదావరి_గేమర్:

సరే, బావగారికి ఎస్ఎస్‌డీ ఒక్కటే చెప్తా. పెట్టె మాత్రం ఇక్కడే, డిస్క్ మోడలే. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ ఒకటి ఇంట్లో ఖాళీగా పడుంది, అది పనికొస్తుందా?

పెట్టె_లెక్కలు:

యూఎస్‌బీ 3.0ది అయి, 250 జీబీకి తగ్గకుండా ఉంటే వస్తుంది. పీఎస్4 గేమ్స్ దాని మీంచే ఆడొచ్చు. పీఎస్5వి దాని మీద దాచుకోవడమే, ఆడాలంటే లోపలికి కాపీ చేయాలి. హబ్ వాడకుండా కన్సోల్ వెనక పోర్ట్‌కి నేరుగా పెట్టండి. ఫార్మాట్ చేసేటప్పుడు అందులోవన్నీ పోతాయి, ఫొటోలు గట్రా ఉంటే ముందే తీసుకోండి.